దొర కాగితాల మీద దారం

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మన దేశంలో పనిచేసిన దొరలు సేకరించిన మొక్కలు ఇంగ్లండులో ఒక పాత సంస్థ బీరువాల్లో ఉన్నాయి. ఎండబెట్టి, నొక్కి, ఒక్కో కాగితానికి ఒక్కో మొక్క చొప్పున అతికించారు. ఆ కాగితాల ఫోటోలు మాకు వస్తాయి. ప్రతి కాగితానికీ కింది మూలలో ఒక చీటీ ఉంటుంది. దాని మీద ఉన్నది చదివి పట్టికలోకి ఎక్కించాలి. అంతే.

పట్టికలో ఎనిమిది గడులు. కాగితం నంబరు, శాస్త్రీయ నామం, కుటుంబం, సేకరించినవారు, చోటు, తేదీ, అక్కడివాళ్ళు పిలిచే పేరు, ఇతర వివరాలు. శ్రీకాకుళంలో ఒక మేడ మీద రెండు గదుల్లో ఆరుగురం కూర్చుని ఈ పని చేస్తాం. నేను చదివింది ఎలక్ట్రానిక్స్. చేరేనాటికి మొక్కల గురించి నాకు తెలిసిందంతా ఒక కూరగాయల సంచిలో పట్టేది.

రెండేళ్ళు ఆ చీటీలు చదివాక కొందరు దొరల చేతిరాత మా ఇంట్లోవాళ్ళ చేతిరాత కన్నా బాగా గుర్తుపట్టేవాణ్ణి. ముగ్గురి సంగతి చెబుతాను. మొదటాయన కంపెనీ వైద్యుడు. సిపాయిల జ్వరాలు చూడమని మన తీరానికి పంపితే, మిగిలిన పొద్దంతా మొక్కల వెంట తిరిగాడు. ఇక్కడి చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. ఆయన అక్షరాలు కుడివైపుకి పడిపోతున్నట్టుంటాయి. రెండో ఆయన ఈ దేశంలో అడుగే పెట్టలేదు. ఇంగ్లండులో తన బల్ల ముందు కూర్చుని, ఇతరులు పంపినవాటిని భూతద్దంలో చూసి, వేల మొక్కలకి పేర్లు ఖాయం చేశాడు. చీమ కాళ్ళలాంటి రాత. మన కొండల మీది మొక్క ఏదన్నది ఈనాటికీ ఆయన మాట మీదే నిలబడుతుంది. మూడో ఆయన తెల్లవాళ్ళ పాలన చివరి రోజుల్లో అటవీశాఖలో పనిచేసిన దొర. పెన్సిలుతో, నిలువుగా, తొందర లేకుండా రాస్తాడు. తేదీ మాత్రం ఒక్కనాడూ మరిచిపోడు.

ఒకసారి ఏమీ తోచక ఈ ముగ్గురి జీవితాలకీ కూడా ఒక పట్టిక వేశాను. పుట్టిన రోజు, తండ్రి వృత్తి, చదివిన చోటు, ఓడ ఎక్కిన నెల, పెళ్ళి, వచ్చిన జబ్బులు, తన పేరు పెట్టిన మొక్కలు, చనిపోయిన రోజు. రెండో ఆయన ఓడ గడి తప్ప ముగ్గురికీ అన్ని గడులూ నిండాయి. మూడో దొర చనిపోయాక ఒక శాస్త్రవేత్తల పత్రికలో రెండు పేజీల సంస్మరణ వేశారు. అందులో ఆయన పెంచిన కుక్క పేరు కూడా ఉంది.

మా అమ్మమ్మ వాళ్ళ నాన్నకి ఆ చివరి గడి ఖాళీ. మా ఇంటి గొడవంతా ఆ ఖాళీ గురించే.

అమ్మమ్మ మా మావ దగ్గర, సీతంపేట కొండల కింద ఉన్న వాళ్ళ ఊళ్ళోనే ఉంటుంది. ఎనభై దాటాయి. ఆమె అయిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, మొక్కలు ఏరుకునే దొర ఒకడు ఆ కొండల మీద గుడారం వేశాడట. మా ముత్తాతకి వ్యవసాయంతో పాటు పసరు మందులు తెలుసు. దారి చూపిస్తానని దొర వెంట కొండెక్కాడు. మొదట్లో వారానికోసారి దిగి వచ్చేవాడు. తర్వాత రాలేదు. చలి తగ్గే రోజుల్లో సామాను మోసిన బండివాడు వచ్చి, గుడారంలో జ్వరాలు పట్టుకున్నాయని, మీ ఆయన లేవలేకుండా ఉన్నాడని చెప్పాడు. వీళ్ళు మనుషుల్ని పంపేసరికి గుడారం లేదు, దొర లేడు, ముత్తాత లేడు. గొయ్యి కూడా కనబడలేదు.

ముత్తమ్మమ్మ బొట్టు తీయనివ్వలేదు. పన్నెండేళ్ళు చూసి దర్భబొమ్మకి దహనం చెయ్యాలని పెద్దలంటే, బొమ్మ తెచ్చినవాడి చెయ్యి విరిచేస్తానందట. ఆవిడ బొట్టుతోనే పోయింది. అందుకని ముత్తాతకి కర్మ జరగలేదు, ఏటా పెట్టే తద్దినమూ లేదు. పెట్టాలంటే రోజు తెలియాలి కదా.

అమ్మమ్మకి దీని మీద ఒక లెక్క ఉంది. అది నా చిన్నప్పటి నుంచీ వింటున్నాను.

"రోజున్నోడు ఆ రోజుకొస్తాడురా. వచ్చి తినీసి పోతాడు. రోజు నేనోడు ఏం చేస్తాడు? ఎప్పుడు పడితే అప్పుడొస్తాడు. వచ్చి నిలబడతాడు."

అందుకని ఆ ఇంట్లో ప్రతి రోజూ ఆయన రోజే. వాకిట్లో వేడి గంజి వంపే ముందు అమ్మమ్మ "అయ్యా, పక్కకి తప్పుకో" అంటుంది. తలుపు తీసిన వెంటనే గుమ్మం దాటదు; కాస్త ఆగి, ఎవరికో దారి ఇచ్చినట్టు పక్కకి జరిగి, అప్పుడు దాటుతుంది. సెలవులకి వెళ్ళినప్పుడు నేనూ అలాగే జరిగేవాణ్ణి. ఎందుకని అడగలేదు. ఇంజనీరింగు చదివాక జరగడం మానేద్దామని ఒకసారి ప్రయత్నించాను. గుమ్మంలో ఆ జాగా మీంచి నడిచినప్పుడు, బస్సులో ఎవరి కాలో తొక్కినట్టనిపించింది. మళ్ళీ జరగడం మొదలుపెట్టాను.

వాళ్ళ ఊరి పంతులుగారు చాలాసార్లు దారి చూపించాడు. "తిథి తెలియనివాళ్ళకి మహాలయ అమావాస్య ఉంది కదమ్మా. ఆ రోజు పెట్టుకుంటే చాలు."

"ఆ రోజు అందరికీ పెడతారు బాబూ. ఆ గుంపులో మా అయ్య ఎక్కడో ఎనకాల నిలబడాల. మొహమాటస్తుడు. ఎవులు పిలుస్తారు ఆణ్ణి?"

"పిండం దగ్గర మొహమాటం ఏముంటుందమ్మా?"

"మీకు తెల్దు. పెళ్ళిభోజనాల్లో కూడా ఆకలేసినా లెగిసి వచ్చీసీవోడంట. ఆయనకో రోజుండాల. ఆయన ఒక్కడిదీ."

మావ అరుగు మీద నుంచి అనేవాడు, "ఓలమ్మా, రోజు నానెక్కడ తెచ్చీది? సంతలో అమ్ముతారేటి?"

ఆమె కోరిక అదొక్కటే. తను పోయేలోగా తండ్రికి ఒక తిథి. మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఏమీ చెయ్యలేరనీ తెలుసు.

ఆఫీసుకి కాగితాలు కుటుంబాల వారీగా వస్తాయి. మనుషుల కుటుంబాలు కాదు, మొక్కలవి. ఒక నెల చిక్కుడు జాతి, ఒక నెల తులసి జాతి, అలాగ. చోటుతో గానీ, కాలంతో గానీ సంబంధం ఉండదు. చిక్కుడు జాతి వచ్చిన నెలలో మూడో దొర కాగితం ఒకటి తెరిచాను. చోటు గడి నింపబోతూ ఆగిపోయాను. ఇంగ్లీషు అక్షరాల్లో వంకరగా ఉన్నా, అది అమ్మమ్మ వాళ్ళ ఊరి వెనక ఉన్న కొండ పేరు.

మొక్కని పెద్దది చేసి చూశాను. కాండం అడుగున, వేరుకి కాస్త పైన, ఒక దారం చుట్టి ఉంది. మామూలుగా నంబరు బిళ్ళ కట్టడానికి దారం వాడతారు, కానీ దీనికి బిళ్ళ లేదు. ఉట్టి దారం. తెల్లటిది, ఒక చోట లావు, ఒక చోట సన్నం, అంటే చేత్తో వడికింది. పక్క కాగితంలోనూ ఉంది. ఆ రోజు అదే కొండవి పదిహేడు కాగితాలు వస్తే పదమూడింటికి దారం ఉంది. ఇతర వివరాల గడిలో "కాండానికి దారం" అని రాశాను. సాయంత్రానికి మా టీమ్ లీడర్ నుంచి జవాబు వచ్చింది: దారాలు డేటా కాదు, తీసేయండి.

తీసేశాను. కానీ ఆ దారం నాకు తెలిసిందే. అంతకు ముందు ఏడాది నాకు జ్వరం వస్తే అమ్మమ్మ పెరట్లో నేలవేము మొక్క దగ్గరికి తీసుకెళ్ళింది. పీకబోతే చేతి మీద కొట్టింది. ముందు కాండానికి దారం కట్టి, "మా మనవడికి జొరం, రేపొచ్చి తీసుకెళ్తాం" అని మొక్కకి చెప్పింది. మర్నాడు పొద్దున్న తీసింది. ఇది వాళ్ళ నాన్న పద్ధతట. రోగం లేకుండా మొక్కని తీయకూడదు. ఎవరి కోసమో చెప్పకుండా అసలే తీయకూడదు.

ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని ఊరెళ్ళాను. మావ నన్ను చూసి, "ఏట్రా, నీ కంప్యూటర్‌లో సచ్చినోళ్ళు కూడా దొరుకుతారేటి?" అన్నాడు. మంచం మీద అమ్మమ్మ పక్కన కూర్చుని మొదటి కాగితం తెరిచాను. ఆపరేషను అయిన కన్ను తెర దగ్గరగా పెట్టి చాలాసేపు చూసింది. మొక్క పేరు చెప్పింది. చీటీలో దొర రాసుకున్న తెలుగు పేరూ అదే. దారాన్ని పెద్దది చేశాను.

ఆమె వేలు తెర మీద పెట్టింది. దారం మీద. తీయలేదు.

"ఇది మగోడికి," అంది.

"ఏది?"

"మూడు సుట్లుంటే మగోడికి. రెండుంటే ఆడమనిషికి. మా అయ్య ముడి ఇది. ఇలగ కొసలు లోపలికి దోపీవోడు. నాకూ మా అమ్మకీ తప్ప ఎవులికీ రాదు." తర్వాతది చూసింది. "ఇది ఆడమనిషికి." తర్వాతది. "ఇదీ."

దొర కోసం కోసిన మొక్కలకి కూడా ఎందుకు కట్టాడని అడిగాను.

"మరి? దొర కాయితాలకి రోగమొచ్చిందేటి? ఉత్తినే తీస్తే పాపం కదూ. ఊళ్ళో ఎవులికి ఒంట్లో బాగోనేదో ఆళ్ళ పేరు సెప్పి తీసుంటాడు."

ఆ కొండ మీద ఎవరికి జ్వరమో, ఎవరికి నొప్పులో, ఇంగ్లండులో ఇనప బీరువాల్లో ముళ్ళు వేసి ఉన్నాయి. నా చేతులు కీబోర్డు మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

అప్పుడు అడిగింది, "వీటికి తారీకులున్నాయేటి?"

"అన్నిటికీ ఉన్నాయి."

"అయితే ఆఖరి దారం ఏ రోజుదో సూడు. ఆ రోజే ఆయన రోజు. ఆ తరవాత సెయ్యి ఆడనేదన్నమాట."

చివరి దారానికీ చావుకీ మధ్య రోజులు ఉండొచ్చు. ఆ మాట చెప్పాను కూడా. ఆమె కొట్టిపారేసింది. "ఆయన మొక్క తీసిన ఆఖరి రోజు కన్నా మంచి రోజేటుంది?" నాకూ అంతకన్నా మంచి అంచనా తట్టలేదు. ఒప్పుకున్నాను.

ఇంట్లో విడిగా ఒక పట్టిక తెరిచాను. మూడో దొర కాగితాల్లో దారం ఉన్నవి మాత్రమే, తేదీల వరసలో. చిక్కుడు జాతి అయ్యాక తులసి జాతి, దాని తర్వాత వంగ, పొద్దుతిరుగుడు జాతులు. కొండ మీది దారాలు ఒక చలికాలమంతా నడిచి, ఎండలు ముదిరే ముందు ఆగిపోయాయి. బండివాడు చెప్పిన జ్వరాల కాలంతో సరిపోయింది. తేదీ దొరికిందనుకున్నాను. అమ్మమ్మకి ఫోన్ చేద్దామని లేచాను. ఆ పూట జాబితాలో ఇంకా పదకొండు కాగితాలు మిగిలి ఉన్నాయి. అవి పూర్తి చేసి చేద్దామని కూర్చున్నాను.

ఏడోదానికి దారం ఉంది. చోటు గడిలో దక్షిణాదిన ఒక నీలికొండల ఊరు. ఇక్కడికి వెయ్యి కిలోమీటర్ల పైమాటే. తేదీ రెండేళ్ళ తర్వాతది.

దొర సంస్మరణలో ఆ సంగతి ఉంది. మన కొండల్లో జ్వరం తగిలాక ఆయన్ని చల్లటి చోటుకి, దక్షిణాదిలో ఒక తోటకి బదిలీ చేశారు. తెల్లవాళ్ళు వెళ్ళిపోయాక కూడా కొన్నేళ్ళు అక్కడే ఉండిపోయాడు. వెంట ఎవరిని తీసుకెళ్ళాడో అందులో లేదు. కుక్క సంగతి ఉంది.

మనసు ఒప్పుకోక, వేరే కారణాలు ఎన్ని ఉండొచ్చో ఒక కాగితం మీద రాసుకున్నాను. ఒకటి, దొర ఆ ముడి నేర్చుకుని ఉండొచ్చు. రెండు, వేరే కూలీకి ముత్తాత నేర్పి ఉండొచ్చు. మూడు, నేను పొరబడి ఉండొచ్చు; ఇది మిల్లు దారం, మన నూలు కాదు. అప్పుడు చీటీలో స్థానిక నామం చూశాను. అది అరవ పేరు కాదు. మా అమ్మమ్మ పెరట్లో ఆ మొక్కకి ఏ పేరో అదే పేరు, దొర పెన్సిలు రాతలో. దొర ఎప్పుడూ మొక్క తెచ్చినవాడు చెప్పిన పేరే రాసుకుంటాడు; ఆ దక్షిణాది కొండల్లో ఇంకెవరూ దాన్నలా పిలవరు. నా మూడు కారణాలనీ కొట్టేశాను.

తర్వాతి నెలల్లో అక్కడివి ఇంకా వచ్చాయి. నాలుగేళ్ళ పాటు. అంటే ఆయన జ్వరంతో పోలేదు. లేచాడు, దొరతో రైలెక్కాడు, అక్కడ బతికాడు. ఇక్కడ ముత్తమ్మమ్మ దర్భబొమ్మ తెచ్చినవాడి చెయ్యి విరుస్తానన్న కాలానికి ముందు, ఆయన ఒక చల్లటి కొండ మీద రోజూ మొక్కలకి చెప్పి మర్నాడు కోస్తున్నాడు. ఉత్తరం రాయడం వచ్చో రాదో. దొర మొక్కల డబ్బాలు మోసుకుని దేశం తిరిగిన మనిషికి ఊరి దారి తెలియకపోవడం మాత్రం ఉండదు.

మావకి ముందు చెప్పాను. పొలం గట్టు మీద నిలబడి విన్నాడు. చేతిలో పార అలాగే పట్టుకుని అటూ ఇటూ చూశాడు.

"సెప్పకు," అన్నాడు.

"తేదీ అడుగుతుంది మావా."

"కొండ మీదిది ఆఖరిదేదో ఉంది కదా, అది సెప్పు. ఇన్నేళ్ళు జొరమొచ్చి పోనాడనుకుంటంది. ఇప్పుడు పెళ్ళాన్నీ పిల్లనీ ఒగ్గీసి పోనాడని సెప్తావేటి? ఆ ముసల్దానికి ఇంకెన్నాళ్ళుందిరా."

"అబద్ధం తేదీకి నువ్వు పిండం పెడతావా?"

"నాను పెట్టీది పిండంరా. తేదీ పంతులుగారు సూసుకుంటాడు."

నేను ఏదీ తేల్చుకోకుండానే ఇంట్లోకి వెళ్ళాను. అమ్మమ్మ అప్పటికే మంచం మీద జాగా చేసి ఉంచింది. లాప్‌టాప్ తెరిస్తే పట్టిక దానంతటదే తెరుచుకుంది. చివరి వరస ఎదురుగా ఉంది. ఫోటో పెట్టాను.

ఈసారి వేలు పెట్టలేదు. దూరం నుంచే చూసింది.

"ఇది ఎక్కడిదిరా?"

మావ గుమ్మంలో నిలబడి నా వైపు చూశాడు. ఊరి వెనక కొండ పేరు చెప్పి ఉంటే అయిపోయేది. పదహారేళ్ళు పరీక్షల్లో, రెండేళ్ళు ఉద్యోగంలో గడులు నింపినవాణ్ణి. చోటు అని అడిగితే చోటు చెప్పడమే నాకు వచ్చు. ఊరి పేరు చెప్పాను, ఎంత దూరమో చెప్పాను, ఎన్నేళ్ళ తర్వాతదో చెప్పాను.

ఆమె వెనక్కి వెళ్ళమంది. ముందుదానికి, దాని ముందుదానికి. దక్షిణాది కాగితాలన్నీ ఒకటొకటిగా చూపించమంది. గంట పైనే పట్టింది. మావ లోపలికీ బయటికీ తిరిగాడు.

"అన్నీ ఒక్కలాగే ఉన్నాయి," అంది.

"ఏంటమ్మమ్మా?"

"ఒక సుట్టు, రెండు ముళ్ళు. సంటిపిల్లకి కట్టీది ఇలాగ. అన్నీ పిల్లకే కట్టినాడు."

ఆమెకి చిన్నప్పుడు ఆయాసం ఉండేదని అందరికీ తెలుసు. పదేళ్ళు వచ్చేదాకా చలికాలం బతుకుతుందని ఎవరూ అనుకోలేదట. నాలుగేళ్ళు, వందల మొక్కలు, ప్రతిదానికీ రోగమున్న ఒక పిల్ల పేరు చెప్పి తీశాడు. ఇక్కడి కొండ మీద ఉన్నప్పుడు ఊళ్ళో అందరి పేర్లూ చెప్పినవాడు అక్కడ ఒక్క పిల్ల పేరే చెప్పాడు.

మావ ఆగలేకపోయాడు. "ఆడ ఇంకో పిల్లేదైనా పుట్టిందేమోనే."

నాకూ ఆ ఆలోచన వచ్చింది. దారం మీద పేరు ఉండదు. ఏ పిల్లో చెప్పే గడి ఎక్కడా లేదు.

అమ్మమ్మ మావ వైపు చూడలేదు. "ఉంటే ఉండనీ. నాకో, దానికో. పిల్ల పిల్లే." కాస్త ఆగి, "దానికీ ఆయాసమే అయ్యుంటాది. మా ఇంటి జబ్బు," అంది.

 ఏడవలేదు. చీర చెంగుతో తెర తుడిచింది, వేలిముద్ర ఏదీ లేకపోయినా.

"ఇదే ఆఖరుదా?"

నిజానికి అప్పటికి మాకు వచ్చింది సగం కుటుంబాలు. గడ్డిజాతి రాలేదు. ఫెర్నులు రాలేదు. ఇప్పటిదాకా చూసినవాటిలో ఆఖరుది అనాలి. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆమె మొహం చూశాను.

"ఇదే ఆఖరుది," అన్నాను.

పంతులుగారు ఆ తేదీని ఫోన్‌లో కొట్టి మార్గశిర బహుళ ఏకాదశి అని తేల్చాడు. నేనూ విడిగా లెక్కేసి సరిచూశాను. ఇన్నేళ్ళ తర్వాత ముందు కర్మ ఎలా జరిపించాలో, తర్వాత ఏటా పెట్టేది ఎలాగో ఆయనే ఒక పద్ధతి కట్టాడు. మా నాన్న ఉన్నాడు కనక నేను కూర్చోకూడదు. కూతురి కొడుకుగా మావ కూర్చున్నాడు. దర్భబొమ్మకి నిప్పు పెట్టినప్పుడు అమ్మమ్మ చూస్తూ నిలబడింది. చెయ్యి విరిచేస్తానని ఎవరూ అనలేదు.

మొదటి తద్దినం నాడు మావ నువ్వులూ నీళ్ళూ వదులుతుంటే ఆమె నా పక్కన నిలబడి మెల్లగా అంది, "ఈ రోజే వచ్చి తినీసి పో అయ్యా. ఇంకెప్పుడూ నిలబడక్కర్నేదు. సిగ్గుపడకు." మావ మొదటిసారి జోకు వెయ్యలేదు. పిండాలు పెట్టి లేచేసరికి అతని మోకాళ్ళు పట్టేశాయి. నేనే చెయ్యి అందించాను.

ఆ తర్వాత ఇంట్లో మార్పు వచ్చింది. అమ్మమ్మ గంజి నేరుగా వంపేస్తుంది. తలుపు తీసి ఆగకుండా నడిచేస్తుంది. నేను గుమ్మంలో పక్కకి జరిగితే నవ్వింది. "ఎవులున్నారని తప్పుకుంటన్నావు? ఏకాదశికి రా, అప్పుడు తప్పుకుందువు గాని." బాగా నిద్ర పడుతోందని అమ్మకి ఫోన్‌లో చెప్పిందట.

వానాకాలంలో గడ్డిజాతి వచ్చింది. గడ్డి పరకలన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి ఆ పని ఎవరికీ ఇష్టం లేదు. నేను అడిగి తీసుకున్నాను. రెండో వారంలో మూడో దొర కాగితం, దక్షిణాదిది. దర్భకి దగ్గరి జాతి గడ్డి. కణుపు కింద దారం. ఒక చుట్టు, రెండు ముళ్ళు, కొసలు లోపలికి దోపి ఉన్నాయి. తేదీ, మేం పెట్టుకున్న రోజుకి ఏడు నెలల తర్వాతది.

గడులన్నీ నింపాను. నంబరు, పేరు, కుటుంబం, సేకరించినవారి గడిలో దొర పేరు, చోటు, తేదీ, స్థానికంగా పిలిచే పేరు. ఎనిమిదో గడి ఖాళీగా వదిలి పంపేశాను. తర్వాత ఇంటికి వచ్చి నా పట్టికలో ఆ వరస చేర్చి, తిథి లెక్కేశాను. శ్రావణ శుద్ధ తదియ. నాలుగు రోజుల క్రితమే వెళ్ళిపోయింది. ఆ రోజు నేనేం చేశానా అని గుర్తు తెచ్చుకున్నాను. ఆఫీసుకి వెళ్ళాను, మధ్యాహ్నం బయట బిర్యానీ తిన్నాను.

ఆ శనివారం ఊరెళ్ళాను. అమ్మమ్మ వంకాయ కూర వండింది. పీట వేసుకుని ఎదురుగా కూర్చుని, నేను సగం తిన్నాక అడిగింది.

"గడ్డి మొక్కలొచ్చినాయన్నావు. వాటిల్లో ఏటైనా కనిపించిందేటి?"

నోట్లో ముద్ద ఉంది. దాన్ని నమిలినంతసేపు నమిలాను.

"లేదమ్మమ్మా."

"ఉంటే సెప్పీవోడివిలే," అని ఇంకో గరిటె కూర వేసింది.

గడ్డిజాతి అయ్యేసరికి ఇంకో రెండు దొరికాయి. ఒక్కో దారంతో ఆయన ఇంకొన్ని నెలలు బతుకుతున్నాడు. మేం ఆయన్ని చంపిన రోజు అంతకంతకీ వెనకబడిపోతోంది. ఆ మూడు తిథులూ నా దగ్గరే ఉన్నాయి. ఆ రోజుల్లో నీళ్ళు వదిలే అర్హత నాకు లేదు, ఉన్నవాళ్ళకి చెప్పలేదు. ఆ పూటలు వచ్చినప్పుడు ఎక్కడున్నా కాస్త ఆగి, పక్కకి జరిగి నడుస్తాను.

ఫెర్నులు వచ్చే నెల వస్తాయని మొన్న మెయిల్ వచ్చింది. ఈ పని వేరేవాళ్ళకి ఇమ్మని అడుగుదామనుకుని టీమ్ లీడర్ బల్ల దాకా వెళ్ళాను. వేరేవాళ్ళయితే చీటీ చదువుతారు, గడులు నింపుతారు, తర్వాతి కాగితానికి వెళ్ళిపోతారు. దారం చూడరు. ఆయన తల పైకెత్తి ఏమిటని అడిగాడు. ఫెర్నులన్నీ నాకే ఇవ్వమన్నాను.